కారు పూర్తయింది

హైవే మీద ఒక పాత కారు. నడుపుతున్నది బావ, పక్క సీట్లో బావమరిది. బయల్దేరి రెండో రోజు ఉదయం.

"మళ్ళీ మొదట్నించీ చెప్పు బావా."

"ఎన్నిసార్లురా! నిన్నట్నించీ ఇదే పని."

"అక్క ఎదురుగా నిలబడితే నీకు నోరు పెగలదు. చెప్పు. నన్ను అక్కననుకో."

"నిన్నా? ఆ మీసాలతోనా?"

"కళ్ళు మూసుకుని... వద్దులే. రోడ్డు చూస్తూనే చెప్పు."

"సరే. ఇదిగో... నాది తప్పయిపోయింది. ఆరేళ్ళుగా నిన్ను పట్టించుకోలేదు. ఇంటికి వచ్చెయ్. కారు కూడా పూర్తయింది. ఇంజను వ్యానుదే గానీ, దాన్ని ఇందులో కూర్చోబెట్టడానికి నేను పడ్డ పాట్లు..."

"బావా."

"ఏంటి?"

"మళ్ళీ ఇంజన్లోకి దూరావు."

"మాట వరసకి వచ్చిందిరా."

"నిన్నట్నించీ పదకొండుసార్లు క్షమాపణ చెప్పావు. పదకొండుసార్లూ ఇంజను దగ్గరే తేలావు. ఒకసారైతే బ్రేకుల దాకా పోయావు."

"తెలియాలి కదరా ఆమెకి, ఆరేళ్ళూ ఊరికే పోలేదని!"

"అక్కకి కావాల్సింది ఇంజను కాదు బావా."

"మరేంటి కావాల్సింది? నీకేమన్నా చెప్పిందా?"

"నాకా? నాకేం చెబుతుంది... అదిగో, ముందు లారీ ఆగుతున్నట్టుంది, చూసుకో."

"చూశాలే. ఆగడం చూశావా? కడుపులో నీళ్ళు కదలకుండా ఆగింది. పాత బ్రేకులైతే ఈపాటికి లారీవాడి ఒళ్ళో కూర్చునేవాళ్ళం."

"బ్రేకుల సంగతి తర్వాత. అసలు అక్క ఏ రోజు బయల్దేరింది?"

"ఆదివారం."

"నీకెప్పుడు తెలిసింది?"

"ముందు రోడ్డు చూడనీరా."

"చెప్పు."

"గురువారం."

"ఇన్సూరెన్స్ సర్వేయరువి! ఊళ్ళో ఎవరి బంపరు మీద గోటి గీత పడ్డా ఆమడ దూరం నించి కనిపెడతావు. ఇంట్లో మనిషి లేదని కనిపెట్టడానికి నాలుగు రోజులు పట్టింది."

"ఫ్రిజ్‌లో డబ్బాలున్నాయిరా! మూత మీద సోమ, మంగళ, బుధ, గురు అని రాసి మరీ పెట్టింది. తీశా, వేడి చేసుకున్నా, తిన్నా, షెడ్డులోకి పోయా. డ్యూటీలో ఉందనుకున్నా. నర్సు ఉద్యోగానికి పగలేంటి, రాత్రేంటి? గురువారం డబ్బా తిని, సాయంత్రం మళ్ళీ తెరిచి చూస్తే ఫ్రిజ్ ఖాళీ."

"అప్పుడు గుర్తొచ్చింది అక్క."

"అలా అనకు. అప్పుడు అనుమానం వచ్చింది. ఫోన్ చూస్తే ఆదివారం నాటి మెసేజీ. ‘చేరాను. నా గురించి ఆలోచించకండి. పడుకునే ముందు గ్యాస్ కట్టెయ్యండి’ అని. గుండె జారిపోయిందనుకో."

"గ్యాస్ కట్టెయ్యమన్నందుకా?"

"‘నా గురించి ఆలోచించకండి’ అన్నందుకు! అంతకంటే ఏం రాస్తారురా తెగతెంపులు చేసుకునేవాళ్ళు? పోతూ పోతూ కూడా గ్యాస్ గురించి ఆలోచించింది చూడు, అదీ మీ అక్క."

"మరి ఫోన్ చెయ్యలేకపోయావా?"

"చేశా. ఎత్తలేదు. ‘తర్వాత మాట్లాడతా’ అని మెసేజీ కొట్టింది. ఆ తర్వాత చేసింది కూడా, తొమ్మిదింటికి. నేనే ఎత్తలేదు."

"ఎందుకని?"

"భయమేసింది. ఎత్తానంటే చెప్పేస్తుంది. ఎత్తకపోతే ఇంకా చెప్పనట్టే కదా."

"అందుకని తిన్నగా నా మందుల కొట్టుకి వచ్చి, జనం మధ్యలో ‘మీ అక్క నన్ను వదిలేసి వెళ్ళిపోయిందిరా’ అని ఏడ్చావు."

"ఏడవలేదు. కళ్ళలో ఇనప రజను పడింది."

"దగ్గుమందు కోసం వచ్చినావిడ జాలిపడి నీకు మంచినీళ్ళిచ్చింది బావా."

"అది సరే గానీ, నువ్వు వెంటనే ఏమన్నావో గుర్తుందా? ‘ఎక్కడుందో నేను కనుక్కుంటా, పద, వెళ్ళి తీసుకొద్దాం’ అన్నావు. ఇంకెవడైనా అయితే అక్క తరఫున నన్ను నాలుగు దులిపేవాడు. నువ్వు ఒక్క మాట అనలేదు. ఎందుకు వెళ్ళిందని కూడా అడగలేదు."

"ఆ... అడగలేదు."

"అందుకేరా నువ్వంటే నాకు..."

"చాల్లే బావా. రైలెక్కుదామన్నాను. ఎక్కుంటే నిన్ననే దిగేవాళ్ళం. ఎనిమిది వందల కిలోమీటర్ల దారికి ఇందులో బయల్దేరదీశావు."

"రైల్లో పోతే కారెలా చూస్తుంది? ‘ఎప్పటికి పూర్తవుతుందండీ, ఎప్పటికి పూర్తవుతుందండీ’ అని ఆరేళ్ళు అడిగిందిరా. పూర్తయింది, ఇదిగో అని ఎదురుగా నిలబెట్టాలి. సగం కోపం అక్కడే పోతుంది."

"ఈ అద్దం దించు బావా, ఉక్కపోస్తోంది."

"అటువైపు అద్దానికి హ్యాండిల్ ఇంకా పెట్టలేదు."

"ఏసీ ఉందన్నావుగా?"

"ఉంది. గాలి ఇటువైపే వస్తుంది. అటు గొట్టం లాగాలి."

"నిన్న పెట్రోలు బంకులో తలుపు రాలేదు."

"లోపల్నించి రాదు. బయట్నించి తీస్తే వస్తుంది. నేను దిగి తీస్తూనే ఉన్నాగా?"

"నలభై నిమిషాల తర్వాత తీశావు! బంకులో అతను ‘పెట్రోలా, డీజిలా సార్’ అని అడిగితే, బాడీ మీ నాన్న కాలంది, ఇంజను వ్యానుది, సీట్లు బస్సువి అని పురాణం మొదలుపెట్టావు. నేను అద్దం మీద కొడుతూనే ఉన్నా. చెయ్యి ఊపుతున్నాననుకుని అతను కూడా ఊపాడు."

"ముచ్చటపడ్డాడురా, ఏం చెయ్యను? ఆ డ్యాష్‌బోర్డు చెక్కని నిమిరి నిమిరి చూశాడు."

"మరి పూర్తయిందంటావేంటి? అద్దం దిగదు, తలుపు రాదు, గాలి లేదు."

"నడిపేవాడికి పూర్తయింది."

"పక్కనున్నవాళ్ళకి?"

"అదెంతసేపు? ఒక ఆదివారం పని."

"బావా, ఈ సీట్లో అక్క ఎన్నిసార్లు కూర్చుంది?"

"పూర్తవనిదే ఎలా కూర్చుంటుంది?"

"ఒక్కసారి కూడానా?"

"ఒకసారి కూర్చుంది. నాలుగేళ్ళయ్యుంటుంది. అప్పటికి ఇంజను లేదు, సీట్లూ లేవు. పీట వేసుకుని కూర్చుంది. డ్యూటీ నించి అప్పుడే వచ్చినట్టుంది. చెప్పులు విప్పేసి, కాళ్ళు చాపుకుని, ‘ఎక్కడికి పోదామండీ?’ అంది."

"నువ్వేమన్నావు?"

"‘ఆ పానా ఇలా అందుకో’ అన్నాను."

"అంతేనా?"

"అందించిందిరా. అందించి, కాసేపు కూర్చుని, లేచి వెళ్ళిపోయింది. నేను తల కూడా ఎత్తలేదు. మొన్న గురువారం ఫ్రిజ్ ముందు నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది ఆ మాట."

"ఇది చెప్పు బావా. అక్కతో ఇదొక్కటీ చెప్పు, చాలు. ఇంజను జోలికి పోకుండా."

"చెబుతా. అన్నీ చెబుతా. నిన్న నువ్వన్నావుగా, ఒక్కటి కూడా దాచకుండా చెప్పమని... ఏంట్రా ఆ వాసన?"

"నన్నడుగుతావేంటి? నీ కారు."

"పొగ! ఆపాలి, ఆపాలి!"

అదే రోజు మధ్యాహ్నం. కారు రోడ్డు పక్కన ఆగి ఉంది. బావ కారు కింద, బావమరిది బయట.

"ఇంకెంతసేపు బావా?"

"నీళ్ళ గొట్టం వదులైంది. బిగిస్తున్నా. నీ ఫోన్ మోగుతోంది."

"ఇక్కడ సరిగ్గా వినబడదు, అటు పోయి మాట్లాడొస్తా... హలో. ఆ అక్కా... లేదు, బాగానే ఉన్నాం... బావా? ఎక్కడుంటాడు, కారు కిందే ఉన్నాడు... తిన్నాడు, నాతోనే తిన్నాడు... ఫోన్ ఎత్తకపోవడమేంటి, చేతులకి గ్రీజు అయ్యుంటుంది... లారీ చప్పుడా? మన వీధిలోనే, ఇటుక దించుతున్నారు... సాయంత్రం ఖాళీయేనా?... ఏం లేదు, ఊరికే అడిగా. సరే, ఉంటా."

"ఎవర్రా?"

"కొట్టు నించి. ఏదో మందు కనిపించట్లేదట."

"ఆ పన్నెండో నంబరు పానా ఇలా అందుకో."

"ఇదిగో."

"ఇప్పుడు ముందుకెళ్ళి లైట్లు చూడు. ఆ రింగులకి మట్టి పడితే తుడు. మెల్లిగా తుడవాలి. అచ్చం ఆ కాలంవి అవి. ఇంకెక్కడా దొరకవు."

"నీకెక్కడ దొరికాయి?"

"అబ్బో, అదో పెద్ద కథ. పాత ఇనప సామాన్ల వాడి దగ్గరికి ఒకే ఒక్క జత వచ్చింది. సాయంత్రంలోపు రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. సరిగ్గా ఆ రోజే మీ అక్క ఆప..."

"ఏంటి?"

"ఏం లేదు. తుడిచావా?"

"అక్క ఆపరేషన్ రోజా? ఆ రోజు రోడ్డుకి అడ్డంగా చెట్టు పడిందన్నావు. ట్రాఫిక్ ఆగిపోయిందన్నావు."

"పడే ఉంటుందిరా ఎక్కడో ఒకచోట."

"ఆ రోజు థియేటర్ బయట బెంచీ మీద నేనొక్కణ్ణే కూర్చున్నా బావా. సంతకం పెట్టాలి, భర్త ఏడీ అని మూడుసార్లు అడిగారు. చెట్టు పడిందండీ, వచ్చేస్తున్నాడు అని మూడుసార్లు చెప్పా. ఆఖరికి నేనే పెట్టా సంతకం. లోపలికి తీసుకెళ్తుంటే అక్క ఏమందో తెలుసా? ‘బావని తొందరపడొద్దను. ఇంకో చెట్టేమన్నా పడుతుందేమో, గాలి చూసుకుని రమ్మను’ అంది. ఆ రోజు గాలే లేదు బావా. ఆకు కదల్లేదు."

"కొట్టాలనుంటే కొట్టరా. కాళ్ళు బయటే ఉన్నాయి."

"కొట్టి ఏం లాభం? బయటికి రా."

"వచ్చా. ఇది కూడా చెబుతా మీ అక్కకి."

"చెప్పకు!"

"అన్నీ చెప్పమన్నావుగా?"

"అన్నీ అంటే, అక్కకి తెలిసినవన్నీ! తెలియనివి ఎవడు చెప్పమన్నాడు?"

"నిజం చెప్పమని నిన్నంతా నా చెవిలో జోరీగలా పోరావు."

"నిన్న ఈ నిజం ఉందని నాకు తెలీదు. ఇంకా ఏమన్నా ఉన్నాయా ఇలాంటివి?"

"ఒకటుంది. చిన్నదే. డ్యాష్‌బోర్డు."

"దానికేమైంది?"

"మీ అక్క కుట్టు మిషను బల్ల అది."

"చెదపట్టిందని, వడ్రంగికి ఇచ్చానని అన్నావట! రెండేళ్ళుగా ఆ వడ్రంగి ఇదిగో ఇస్తా, అదిగో ఇస్తా అంటున్నాడని అక్క చెబుతుంటే, ఆ వడ్రంగిని నేనే రెండుసార్లు తిట్టా, రోడ్డు మీద ఆపి!"

"పాపం, మంచివాడు. నన్నడిగాడు, ‘మీ బామ్మర్దికి నా మీద కోపమెందుకండీ’ అని."

"బావా, ఈ రెండూ మాత్రం చెప్పకు. నా మాట విను. తప్పయిపోయింది అను, పానా సంగతి చెప్పు, ఊరుకో."

"లేదురా. ఇందాక కింద పడుకుని అనుకున్నా. ఇన్ని దాచుకుని మళ్ళీ ఇంటికి రమ్మంటే, ఆ వచ్చే మనిషిని కూడా మోసం చేసినట్టే కదా. చిన్నప్పట్నించీ నాకో గుణం ఉంది, పైకి బాగా కనబడితే చాలనుకుంటా. లోపల ఏ ముక్క ఎక్కడిదో ఎవడు చూస్తాడులే అనుకుంటా. ఈసారి అలా కాదు. కాదంటే కాదంటుంది. వచ్చిన దారినే పోతా. కానీ చెప్పే పోతా."

"... నువ్వింత మాట్లాడగలవని నాకు తెలీదు బావా."

"నాకూ తెలీదు."

"సరే అయితే. నేనూ నీకో సంగతి చెప్పాలి. నిన్ననే చెప్పాల్సింది. నువ్వు కొట్టుకొచ్చి ఏడుస్తుంటే, పోనీలే, ఒకందుకు మంచిదే అనుకున్నా. అసలు అక్క ఆదివారం..."

"ఆగు, ఆగు! ముల్లు దిగింది! వేడి తగ్గిపోయింది! ఎక్కు!"

"బావా, ఒక్క నిమిషం విను, అక్క..."

"దార్లో చెబుదువుగాని, ఎక్కరా! నువ్వు అలా నిలబడితే తలుపు ఎవరు వేస్తారు, నేనే వెయ్యాలి!"

"దార్లో చెబితే మాత్రం వింటావా నువ్వు?"

"ఆ ఇంజను చప్పుడు విను ముందు. ఏమన్నా ఉందా ఎక్కడన్నా తేడా? లేదు కదా?"

"... లేదు బావా. ఎక్కడా తేడా లేదు."

సాయంత్రం. పెద్దాస్పత్రి పక్కన నర్సుల హాస్టలు గేటు. అక్క బయటికి వచ్చింది.

"ఏంటండీ ఇది! మీరేంటి ఇక్కడ? ఏరా, నువ్వు కూడానా? మధ్యాహ్నం ఇటుక దించుతున్నారన్నావు? ఏమైంది? ఇంట్లో ఎవరికైనా..."

"ఎవరికీ ఏం కాలేదక్కా. బావ నీతో ఏదో... బావా, క్లుప్తంగా. క్లుప్తంగా చెప్పు."

"నువ్వుండరా. చూడు... ముందు నన్ను పూర్తిగా చెప్పనీ. మధ్యలో ఆపితే నాకు మళ్ళీ రాదు."

"చెప్పండి. ముందు ఆ నుదుటి మీద గ్రీజు తుడుచుకోండి."

"ఉండనీ. నాది తప్పయిపోయింది. ఆరేళ్ళు నువ్వు ఇంట్లో ఉన్నావో లేవో చూడలేదు. నువ్వు పీట వేసుకుని కార్లో కూర్చుని ఎక్కడికి పోదామంటే, పానా అందుకో అన్నాను. గుర్తుందా?"

"గుర్తుంది."

"నాకు మొన్న గుర్తొచ్చింది."

"దానికోసం ఇంత దూరం వచ్చారా? ఈ కారులో? నడుం పట్టేసి ఉంటుంది. లోపలికి రండి, టీ..."

"బావా, చాలు. అయిపోయింది. అక్కా, టీ పెట్టు."

"అవలేదురా. నీ కుట్టు మిషను బల్లకి చెద పట్టలేదు."

"ఏంటీ?"

"వడ్రంగి దగ్గర లేదు. అదిగో, డ్యాష్‌బోర్డు. కోసి, నునుపు చేసి, నేనే పాలిష్ పెట్టా."

"మా అమ్మ కొనిచ్చిన మిషనండీ అది."

"తెలుసు. ఇంకా ఉంది."

"బావా, వద్దు."

"నువ్వాగరా, చెప్పనీ ఆయన్ని. ఇంకా ఏముంది?"

"నీ ఆపరేషన్ రోజు చెట్టు పడలేదు. హెడ్‌లైట్ రింగుల కోసం వెళ్ళా. ఒకే జత ఉందన్నాడు. తెచ్చుకుని, తుడుచుకుని, షెడ్డులో పెట్టి, అప్పుడొచ్చా ఆస్పత్రికి. నువ్వు మత్తులో ఉండి కూడా నా చెయ్యి పట్టుకుని ‘దెబ్బలేం తగల్లేదు కదా’ అన్నావు. లేదు అన్నా."

"ఆ రింగులేనా అవి?"

"అవే."

"బాగా మెరుస్తున్నాయి."

"అలా అనకు, తిట్టు. ఇంకొక్కటే. ఆదివారం నువ్వు నన్నొదిలేసి వచ్చేశావని గురువారం దాకా నాకు తెలీలేదు. అంతే. ఇంక ఏమీ దాచలేదు. నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటా."

"ఒదిలేసి రావడమేంటి?"

"ఇదిగో, ఇలా. ఇక్కడ ఉద్యోగం చూసుకుని..."

"ట్రైనింగండీ!"

"ఏం ట్రైనింగు?"

"మా ఆస్పత్రిలో గుండె వార్డు పెడుతున్నారు, నన్ను ఇంచార్జిగా వేశారు, పన్నెండు రోజులు ట్రైనింగుకి వెళ్ళాలి అని నెల నించీ చెబుతున్నా! షెడ్డులోకి వచ్చి చెబితే, ‘ఆ, మంచిదే’ అన్నారు. ఏ రైలుకి పోవాలో అడిగితే, ‘నీ ఇష్టం’ అన్నారు. బట్టలు సర్దుకుంటుంటే, ‘ఆ పెట్టె జరుపు, పెయింటు డబ్బా పెట్టాలి’ అన్నారు. నాలుగు రోజులకి వండి పెట్టి, ఆ తర్వాత తమ్ముడింట్లో భోంచెయ్యండి అని చెప్పి మరీ వచ్చా. తల ఊపారు!"

"నువ్వు... నాతో చెప్పావా?"

"ఎన్నిసార్లు చెప్పాలి? రైలెక్కించింది వీడే!"

"ఏరా!"

"బావా, కారు ఎండలో ఉన్నట్టుంది. నీడలో పెట్టొస్తా."

"నీకు నడపడం రాదుగా!"

"నెట్టుకుంటూ పెడతా."

"ఆగరా అక్కడే. తెలిసి తెలిసి రెండు రోజులు నన్ను ఏడిపించావా?"

"కళ్ళలో రజను అన్నావుగా? నేను చెప్పబోయా బావా. ముల్లు దిగిందన్నావు. అయినా నీ మంచికే కదా... ఒక్కసారి అక్క ముందు నోరు విప్పితే ఇద్దరికీ మనసు తేలికవుతుందనుకున్నా. బల్ల సంగతి, చెట్టు సంగతి నాకేం తెలుసు?"

"పోనీలేరా, పో. ఏదైతేనేం. ఇదిగో, నువ్వు నిజంగానే నన్ను వదిలేసి రాలేదన్నమాట?"

"లేదు."

"అలాంటి ఆలోచనే లేదు నీకు?"

"కల్లో కూడా రాలేదండీ."

"హమ్మయ్య! ప్రాణం లేచొచ్చింది. ట్రైనింగు ఎప్పటికి అయిపోతుంది?"

"వచ్చే శుక్రవారానికి."

"అయితే శనివారానికల్లా ఇంటికొచ్చేస్తావు?"

"మీరు రాకపోయుంటే వచ్చేసేదాన్ని."